తమిళ దర్శకుడూ, మా క్యాంప్ తోలు జాకెట్టూ

పట్టా చేతికి వచ్చిన కొత్తలో మనిషికి ప్రతి విషయాన్నీ ఎవరికో ఒకరికి వివరించాలనిపిస్తుంది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కావడంతో, ఆ రోజుల్లో నాకు ఆ బాధ కాస్త ఎక్కువగానే ఉండేది. ఖతర్‌లో, ముఐథర్ దాటాక ఉన్న మా కంపెనీ క్యాంప్‌లో నేను కార్మికుల హాజరు రాసే టైమ్‌కీపర్‌ని. (మా ఊళ్లో మాత్రం ‘దుబాయ్‌ల ఆఫీసర్’ అనేవారు. నేనూ ఖండించలేదు.) ఒక తమిళ సినిమా దర్శకుడు మా క్యాంప్‌కు వస్తున్నారని, ఆయనకు కావలసినవి చూసే పని నాదేనని మేనేజర్ చెప్పగానే, నా చదువుకు తగిన బాధ్యత ఇన్నాళ్లకు దొరికిందని పొంగిపోయాను.

ఆయన జీవితం గురించి దొరికిందల్లా చదివాను. మొదటి సినిమా రోజుల్లో మద్రాసు గోడలన్నిటిమీదా ఆయన పేరే. తరువాతివి ఒకదాని వెనుక ఒకటి పడిపోయాయి. ఇప్పుడు గల్ఫ్ కార్మికుల మీద చిన్న సినిమా తీస్తున్నారు. ఇదీ పోతే ఇక ఏ నిర్మాతా గుమ్మం ఎక్కనివ్వడు. మిగిలింది చివరి దృశ్యమొక్కటే: పని ముగించుకొని, సిమెంటు దుమ్ముతో, అలసిన ముఖాలతో కార్మికులు బస్సు దిగాలి. అనుమతి ఒక్క శుక్రవారానికే, అదీ మా సెలవు రోజున. మరునాడు ఉదయమే ఆయన విమానం. “తంబీ, నాకు నటులు వద్దు. అసలు మనుషులు కావాలి,” అన్నారు, స్టూడియోల్లో నేర్చిన తెలుగులో. “అది నాకు వదిలేయండి సార్,” అన్నాను.

గురువారం భోజనాల వేళ మెస్‌లో బెంచీ ఎక్కి, “రేపటి చిత్రీకరణకు అందరూ పని దుస్తులతోనే హాజరు కావలెను” అని ప్రకటించాను. అందరూ బుద్ధిగా తలలూపారు. మరునాడు మధ్యాహ్నం, చిత్రీకరణ కోసం రోడ్డు దాకా తిప్పి తెచ్చిన బస్సు తలుపు తెరుచుకుంది. ముందుగా అత్తరు వాసన దిగింది. దాని వెనుక మనుషులు దిగారు, తలలకు రంగుతో, ఇస్త్రీ చొక్కాలతో, నల్లకళ్లద్దాలతో. అందరికంటే ముందు జగిత్యాల వైపు తాపీమేస్త్రి, మేమంతా మామ అని పిలిచే పెద్దమనిషి, ఆ ఎండలో తోలు జాకెట్ వేసుకొని దిగాడు. (అది మామది కాదు. ఎప్పుడో ఎవరో వదిలివెళ్లిన ఆ జాకెట్ క్యాంప్‌కంతటికీ ఉమ్మడి ఆస్తి. ఇంటికి పంపే ఫోటోల కోసమే మేకుకు వేలాడేది.)

“ఏమయ్యా ఇది? పెళ్ళికి వచ్చారా?” అన్నారు దర్శకుడు గారు.

“కెమెరా ఉన్నది గద సార్,” అన్నాడు మామ. “డ్యూటీ బట్టల మీద మా ఇంటోళ్లు మమ్ముల ఇప్పటిదాక సూడలే. ఫోన్ల మాట్లాడినా తానం జేసినంకనే మాట్లాడుతం.”

“ఇది ఫోటో కాదు పెద్దాయనా, సినిమా!”

“గట్లయితే ఇంకింత మంది సూస్తరు గద సార్!”

నేను ముందుకు వచ్చి, కళలో వాస్తవికతకు గల స్థానాన్ని వివరించబోయాను. మామ నన్ను కాళ్ల నుంచి తలదాకా చూశాడు. “మరి నువ్వెందుకు టై కట్టినవ్ రా అల్లుడా?” అందరూ గొల్లుమన్నారు. (నేను కెమెరా వెనుక ఉండవలసినవాణ్ణే. కానీ అది ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?)

దర్శకుడు గారు బోర్లించిన బకెట్ మీద కూలబడి తల పట్టుకున్నారు. ఒక మనిషి సినీజీవితం నా నిర్వహణలోనే ముగిసిపోతోందనిపించి టై ముడి వదులు చేసుకున్నాను. కొంతసేపటికి ఆయన తనలో తాను నవ్వుకోవడం మొదలుపెట్టారు. “సినిమాలు పోయాక కారు అమ్మేశాను. అయినా ఊరికి వెళ్లాలంటే అద్దె కారులోనే. మా అమ్మ ముందు నన్ను ‘అయ్యా’ అని పిలవమని డ్రైవర్‌కు చెప్పి మరీ తీసుకెళ్లేవాణ్ణి.”

“పిలిచిండా సార్?” అన్నాడు మామ, ఆత్రంగా.

“ఎంత మర్యాదగా పిలిచాడంటే, మా అమ్మ నాకంటే ముందు అతనికే వడ్డించింది.”

ఆ నవ్వుల్లోనే ఆయన లేచారు. “యల్లా, కానివ్వండి! కెమెరా పెట్టండి. వీళ్లు ఎలా వచ్చారో అలాగే తీద్దాం.” మేనేజర్ గారి కారుకు ఆనుకొని ఒక్కొక్కరే ఫోటోకు నిలబడటం, జాకెట్ ఒకరి ఒంటి మీది నుంచి ఇంకొకరి ఒంటి మీదికి మారడం, విప్పినవాడు తడిసిన చొక్కాను విదిలించుకోవడం, అంతా తీశారు. చివరగా మామ కెమెరాకేసి చూసి, “మంచిగున్న. రంది వెట్టుకోకుండ్రి,” అన్నాడు. పొద్దు వాలకముందే పని ముగిసింది. ఇంటివాళ్ల నుంచి ఏది దాచాలనుకున్నామో దానినే లోకానికంతటికీ చూపించామన్న సంగతి, చదువుకున్న నాతో సహా, ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

ఆ సినిమా తెలుగులోకి మారి మా ఊళ్ల ఫోన్లలోకి చేరిన రోజున క్యాంప్‌లో ఎవరికీ అన్నం సహించలేదు. మామ భార్యకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, నేరస్థుడిలా నిలబడ్డాడు.

“జాకెట్ ముచ్చటనా?” అన్నది అత్త. “మాకెప్పుడో ఎరుకే. మా వాడకట్టుల అందరి మొగోళ్ల ఫోటోలల్ల గదే జాకెట్ ఉండె గదా! మీ సంబురం ఎందుకు చెడగొట్టాలని ఎవ్వలం అడగలే.”

ఆ దృశ్యం చూసి దర్శకుడు గారికి మరో నిర్మాత దొరికాడు. ఆ వార్త స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. నేను ఇప్పుడు ఖతర్‌లోనే, అల్ అజీజియా అనే పేటలో ఉంటున్నాను. మనుషులకు విషయాలు వివరించడం చాలావరకు తగ్గించాను. అమ్మకు వీడియో కాల్ చేసే ముందు మాత్రం, డ్యూటీ నుంచి ఎంత అలసి వచ్చినా, ముఖం కడుక్కొని తల దువ్వుకుంటాను. “మల్ల దువ్వుకొని కూసున్నవా బిడ్డా?” అని నవ్వుతుంది అమ్మ.

లేదంటాను.