డప్పుల్లో కలిసిపోయిన కేక

మా కొత్తపేట నుంచి ఉద్యోగానికి వెళ్లి నేలని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో చూసిన మొదటి వానాకాలం అది. వాన ఆగాలని గనివాళ్లందరూ అక్కడే డప్పులతో అమ్మవారికి పూజ చేస్తున్నారు. నమ్మకం లేక పూజకి వెళ్లని నేను ఇవతల చూద్దును కదా, గనిలోని నల్లనీటిని నిలవబెట్టి తేటపరిచే గుంటకి మళ్లించే కాలువ పూడిపోయి, గట్టు జారుతోంది. అది తెగితే నీరంతా వాగులో కలుస్తుంది. దిగువ తండావాళ్లు తాగేది ఆ వాగు నీళ్లే. "రండి!" అని గొంతు చించుకున్నా డప్పుల హోరులో ఎవరికీ వినపడలేదు. భయంతోనే ఒక్కణ్ణీ పారతో పూడిక తీశాను. నీరు గుంటవైపు మళ్లింది.

తర్వాత రాజోలు నుంచి వచ్చిన మా సూపర్‌వైజరు ప్రసాదం తెచ్చేరు.

"చూసేరా నాస్తికుడు గారూ! గట్టు నిలబెట్టింది అమ్మవారేనండి."

"ఆయ్," అన్నాను, వాదించే ఓపిక లేక.

దండం పెట్టడానికి అన్ని చేతులున్నచోట, పార పట్టడానికి నాకు తోడుగా ఒక్క చెయ్యీ రాకపోవడం ఇప్పటికీ మరువలేను.

— ఒక పాఠకుడు, కొత్తపేట