మొదటి తట్ట

ఆ రోజుల్లో మేం గోదావరికి భయపడేవాళ్లం, సర్కారుకు అంతకంటే ఎక్కువ భయపడేవాళ్లం. ఆ వరస తలకిందులని ఇప్పుడు తెలుస్తోంది కాని, ఇరవయ్యేళ్ల వయసులో కొత్తగా తలపాగా చుట్టుకున్న నాకు ఎలా తెలుస్తుంది? ఆనకట్ట కట్టాక కొన్నేళ్లకు, మా వైపు కొత్తగా ఠాణాలు పెట్టిన రోజుల మాట ఇది. రాజోలుకు ఆమడ దూరంలో, గోదావరి వశిష్ఠ పాయ గట్టును ఆనుకుని మా ఊరు. నాన్నగారు చలిజ్వరంతో మంచం పట్టడంతో ఆ శ్రావణంలో కరణీకం నా నెత్తిన పడింది. నాకు రెండింతల వయసున్న మునసబు గారు "కరణం గారూ" అని పిలిచినప్పుడల్లా నా తలపాగా బెత్తెడు పెరిగేది. (దాని కింద పెద్దగా ఏమీ లేదని మా మేనత్తకు ముందే తెలుసు. పాపం, ఎవరితోనూ అనలేదు.)

అంతకు ముందు ఏడాది వరదలో ఒక తమాషా జరిగింది. గట్టు ఎత్తు చెయ్యమని, గట్ల బాగోగులు చూసే మరామతు మేస్త్రీ గారు చెబితే, మునసబు గారి మనుషులు గట్టు అడుగునే తవ్వి ఆ మన్ను గట్టు పైన పోశారు. సర్కారు గట్టు తవ్వినందుకు ఠాణా జమేదారు గారు వచ్చి వాళ్లందరినీ పట్టుకుపోయారు. తాసీల్దారు గారు మండిపడి తాకీదు పంపారు. ఇకమీదట మునసబు, మేస్త్రీ, జమేదారు ముగ్గురూ కలిసి మాట్లాడుకుని మరీ గట్టు కాపాడాలి. ఒకరి సమ్మతి లేకుండా మరొకరు తట్టెడు మన్నయినా కదపరాదు. ముందుగా చెయ్యి వేసినవారే ఆపైన జరిగే నష్టానికి జవాబుదారీ. జరిగినదంతా కరణం రాసి పంపాలి. ఎంత ముచ్చటైన తాకీదు! చావడి ముందు నిలబడి నేనే రెండుసార్లు చదివి వినిపించాను, రెండోసారి ఎవరూ అడగకపోయినా.

మా మేనత్త ఇల్లు సరిగ్గా గట్టు కిందే. మావయ్య పోయాక ఆవిడకు మిగిలింది ఆ మట్టిగోడల ఇల్లు, ఒక ఆవు, నాలుగు కొబ్బరిచెట్లు. వరద మొదలైన మూడోనాడు పొద్దున్నే, తడి చీరతో మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఒరే అబ్బాయ్, మా దొడ్డి వెనకాల గట్టు కింద నీళ్లు ఉబుకుతున్నాయిరా. నిన్న తేటగా వచ్చేయి, పోనీలే ఊటేగదా అనుకున్నాను. ఇవాళ బురద వస్తోంది. గట్టు లోపల కరిగిపోతోందిరా నాయనా."

వెళ్లి చూస్తే నిజమే. ఎండ్రకాయ బొక్కంత కన్నం, వేలు పెడితే సరిపోతుంది. నేను వెంటనే ఆ ముగ్గురికీ మనుషుల్ని పంపాను. ఆ రోజు నేను సక్రమంగా చేసిన పని అదొక్కటే. ముగ్గురూ వచ్చేసరికి కన్నంలో చెయ్యి పట్టేటట్టుంది. ఊళ్లోవాళ్లు యాభై మంది తట్టలతో, ఎండుగడ్డితో, కొబ్బరాకులతో పరుగున వచ్చారు. జమేదారు గారు కర్ర అడ్డం పెట్టి వాళ్లను గట్టు ఎక్కకుండా ఆపేశారు. బందోబస్తు ఆయన వంతు మరి.

ఇక్కడ మా సీమ ఆచారం ఒకటి చెప్పాలి. గండి పూడ్చేటప్పుడు మొదటి తట్ట మన్ను పెద్దమనిషి చేత పోయించాకే మిగతావాళ్లు చెయ్యి వేస్తారు. అది గొప్ప మర్యాద. దానికోసం పెద్దవాళ్లు ఏళ్ల తరబడి మాటలు మానుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజు మాత్రం, ముందు చెయ్యి వేసినవారే జవాబుదారీ అన్న తాకీదు ముక్క ముగ్గురి మనసులోనూ మెదులుతోంది.

"ఆయ్, మొదటి తట్ట మేస్త్రీ గారు పొయ్యాలండి. గట్టు వారిది కదండీ" అన్నారు మునసబు గారు, రెండు చేతులూ జోడించి.

"అబ్బే, ఎంతమాటండీ! తమరు ఊరికి పెద్ద. తమరుండగా నేను చెయ్యి వేస్తే ఏం బాగుంటుందండీ?" అన్నారు మేస్త్రీ గారు.

"పోనీ జమేదారు గారు..."

"నేను మన్ను ముట్టకూడదండి. మనుషుల్ని ముట్టుకోవడానికే నాకు హుకుం ఉందండి."

మళ్లీ మొదటినుంచి. ఒకరిని మించి ఒకరి వినయం. ఆ వినయం చూసి నాకు ఒళ్లు పులకరించింది కూడాను. (నిజమే చెబుతున్నాను, దాచుకోవడమెందుకు.) ముగ్గురు అధికారులు ఒకచోట నిలబడి ఇంత మర్యాదగా మాట్లాడుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. గుండ్రటి దస్తూరీతో అంతా రాసుకుంటూ పోయాను. "గండి పడు సూచనలు కలవు" అని రాసిన వాక్యం, ఈలోపు కన్నం ఇంకా పెద్దదవడంతో, ఒకసారి కొట్టేసి దిద్దుకోవలసి వచ్చింది.

అప్పుడు అత్తయ్య వచ్చింది. తన తట్టలో తన దొడ్లో మన్నే నింపుకుని, కర్ర కింద నుంచి దూరి, తిన్నగా కన్నం దగ్గరికి నడిచింది. పొద్దున్నుంచి ఏ విషయంలోనూ ఒక్కటి కాని ఆ ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు.

"ఆగండమ్మా! విధవరాలు మొదటి తట్ట పోస్తే ఊరుంటుందాండీ?"

ఆవిడ ఆగింది. ఆగి, వాళ్లకేసి కాదు, నాకేసి చూసింది. నేను కాగితాలు చంకన పెట్టుకుని వెళ్లి, "అత్తయ్యా, పెద్దవాళ్లున్నారు కదా, వాళ్లు చూసుకుంటారులే" అని ఆ తట్ట ఆవిడ చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టాను. ఆవిడ వెనక్కి తిరిగింది. ఆవును విప్పడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. గట్టు లోపలికి కుంగి, పెద్ద చప్పుడుతో తెగింది. ముగ్గురు పెద్దలూ మూడు దిక్కులకు పరిగెత్తారు. నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. అత్తయ్య తట్టలో మన్ను పారబోసి, అందులో కాగితాలు పెట్టి, నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. ఇల్లు పోయింది, ఆవు పోయింది. కొబ్బరిచెట్టును కావలించుకుని పీకల్లోతు నీళ్లలో నిలబడ్డ అత్తయ్యను చేపలు పట్టే పల్లెకారు సరంగు ఒకడు నావ తెచ్చి ఎక్కించాడు. అతనికి తాకీదూ లేదు, హుకుమూ లేదు. కాగితాలు చుక్క తడి కాకుండా దక్కించినందుకు తాసీల్దారు గారు నన్ను నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటుంటే నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

వరద తీశాక గండి పూడ్చడానికి మేళతాళాలతో ముహూర్తం పెట్టారు. తాసీల్దారు గారు ఎదురుగా ఉన్నారు కనుక మొదటి తట్టకోసం ముగ్గురూ తోసుకున్నారు. మా అరుగు మీద కూర్చుని ఆ మేళం విన్న అత్తయ్య, "ఇప్పుడు పోస్తున్నారట్రా?" అంది. అంతే. తర్వాత ఎనిమిదేళ్లు మా ఇంట్లోనే ఉండి, నా పిల్లల్ని పెంచి వెళ్లిపోయింది. నా చేతిలో తట్ట ఎందుకు దింపావురా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఆ తట్ట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రతి ఏడూ వరదల ముందు, అరవై దాటిన ఈ ముసలాడు దాని నిండా మన్ను మోసుకెళ్లి, ఎవరినీ అడక్కుండా ఆ చోట గట్టు మీద పోసి వస్తాడు. మనవలు చాదస్తమంటారు. మొన్న నాకొక నోటీసు వచ్చింది. సర్కారు గట్టు మీద అనుమతి లేకుండా మన్ను పోసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. కింద ఇప్పటి మునసబు, మేస్త్రీ, ఠాణా వారివి మూడు సంతకాలూ ఒకే తేదీన ఉన్నాయి. చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత కలం తీసి, ఇంకా గుండ్రంగానే ఉన్న ఆ దస్తూరీతో జవాబు రాశాను. "ఆ తట్ట నాది కాదు. నలభై ఏళ్ల కిందట మా అత్తయ్య పోయవలసినది. దింపిన వాణ్ణి నేను."