టాకాలు వేసి చూసిన వంటగది

మా పిన్నికి మనుషులు కనబడరు, కొలతలే కనబడతాయి. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. దారిలో ఎవరైనా ఎదురైతే నవ్వుతూ పలకరిస్తుంది, వాళ్లు నాలుగడుగులు దాటగానే నా చెవిలో "నడుము రెండంగుళాలు పెరిగింది" అంటుంది. నేను ఆవిడ అక్క కూతురిని. ఆవిడ కొట్లోనే కటింగ్ చేస్తాను కాబట్టి ఊళ్లోవాళ్ల నడుముల సంగతులన్నీ నేనే వినాలి.

అలాంటి మనిషి సొంత కొలత దగ్గరికొచ్చేసరికి అబద్ధమాడింది.

వంటగది కొత్తగా చేయించుకుందామని డిజైనర్‌ని పిలిచారు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చిన ఆ అమ్మాయి గోడలు కొలిచింది, కిటికీ కొలిచింది, చివరికి "ఆంటీ, మీకు చెయ్యి ఎంత ఎత్తు వరకు అందుతుంది?" అని అడిగింది. పిన్ని తడుముకోకుండా "ఆరున్నర అడుగులు" అంది.

ఏడాదిగా ఆవిడ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుంది గానీ, ఈ ఒక్క సంగతీ దాచాను. తెలిస్తే బాబాయి మర్నాడే కుట్టుమిషన్‌కి ముసుగేసి, ఇక విశ్రాంతి తీసుకోమంటాడని పిన్ని భయం. చెప్పకపోతేనేమో, బరువు డబ్బా ఏది దించాలన్నా ఇంకొకరి కోసం ఎదురుచూసే వంటగదిలో మిగతా జీవితమంతా వండాలి.

వారం తర్వాత ప్లాన్ వచ్చింది. తెరమీద వంటగది ధగధగా మెరుస్తోంది. గోడ పొడుగునా పై అరలే. బాబాయి మురిసిపోయి "ఇక ఖాయం చేసేద్దామా?" అన్నాడు.

పిన్ని కళ్లజోడు సవరించుకుంది. "నేను చొక్కా కూడా ఒకేసారి కుట్టెయ్యనమ్మా. ముందు పొడుగు పొడుగు టాకాలు వేసి, తొడిగి చూసి, అప్పుడే మిషన్ ఎక్కిస్తాను. నీ వంటగదికి టాకాలేవి?"

"కావాలంటే అన్నివైపులా తిప్పి చూపిస్తానాంటీ."

"తిప్పితే ఏం లాభం? తొడుక్కోవాలిగా."

మర్నాడు పొద్దున్నే పాత వంటగది ఖాళీ చేశాం. కొట్లోంచి నేను మోసుకొచ్చిన అట్టపెట్టెలు వంటగట్టు అయ్యాయి. బట్టమీద గీతలు గీసే సుద్దతో డిజైనర్ గోడమీద పై అరలను అసలు ఎత్తులోనే గీసింది. లేని పొయ్యి ముందు పిన్ని నిలబడింది.

మొదట సరదాగానే సాగింది. లేని కూర కలిపింది, లేని మూత పెట్టింది. పొయ్యికీ సింకుకీ మధ్య ఒక అడుగు ఎక్కువైందని తేల్చేసింది. డిజైనర్ రాసుకుంది. బాబాయి గుమ్మంలోంచి "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు. పిన్ని నవ్వుతూ పై అరకి చెయ్యెత్తింది.

చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. సుద్దగీత ఇంకా రెండు జానలు పైనుంది.

ఎడమచేత్తో అందుకుని తప్పించుకోవచ్చు. ఆ చెయ్యి కదిలింది కూడా. అంతలోనే దించేసింది.

"రాసుకోమ్మా," అంది, కొట్లో నాకు కొలతలు చెప్పే గొంతుతోనే. "కుడి చెయ్యి, భుజం ఎత్తు వరకే. మొన్న చెప్పింది పాత కొలత."

బాబాయి మొహంలో నవ్వు పోయింది. "ఎన్నాళ్లయింది?"

"ఏడాది. మిషన్ జోలికి మాత్రం రాకండి. దాన్ని తొక్కేది కాళ్లతో."

బాబాయి అట్టపెట్టె మీద కూలబడ్డాడు. అది కాస్త అణిగింది. "అందుకేనా రోజూ ఆ డబ్బా దించండి, ఈ డబ్బా దించండి అని పిలిచేదానివి? పెత్తనం చేస్తున్నావనుకుని సణుక్కుంటూ దించాను."

"పెత్తనం కూడా ఉందిలెండి," అంది పిన్ని.

నాకు ఏడుపొచ్చింది. గుట్టు బయటపడినందుకు కాదు, ఇక నేను మోయక్కర్లేనందుకు.

డిజైనర్ తడిగుడ్డతో పై గీతలన్నీ తుడిచేసి, పిన్నిని పక్కన నిలబెట్టుకుని కిందికి గీయడం మొదలుపెట్టింది. చివరి అర దగ్గరికొచ్చేసరికి బాబాయి లేచాడు.

"ఆ ఒక్కటీ పైనే ఉంచమ్మా."

"ఆంటీకి అందదుగా, అంకుల్?"

"అందకూడదనే. లేకపోతే నన్నెందుకు పిలుస్తుంది?"

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"సరే, ఒక్కటే," అంది. "అందులో తేలిక డబ్బాలే పెడతాను. మీ భుజాలు మాత్రం ఎన్నాళ్లు?"