నీళ్లు ఎక్కవని రాసింది నేనే

ముప్పై ఏళ్లుగా ఒక మీటరు ఎత్తు నా గుండెల మీద ఉంది. ఎత్తును బరువులా చెప్పకూడదని నాకు తెలుసు. కొలతల విషయంలో జీవితమంతా ఆచితూచి మాట్లాడినవాణ్ణి. కానీ ఇది ఎత్తుగానే మొదలైంది. ఎప్పుడు బరువుగా మారిందో తేదీ వేసి చెప్పలేను.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు అసలే చెప్పలేదు. ఆమె ప్రమేయం లేకుండానే ఆమెకు ఇందులో ఒక చిన్న భాగం ఉంది, అది తెలిస్తే నొచ్చుకుంటుంది. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాయగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనవచ్చా? అనకూడదేమో.

అప్పట్లో నేను సికింద్రాబాద్‌లో ఒక మునిసిపల్ వార్డు ఆఫీసులో జూనియర్ ఇంజనీరుని. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. నెలకోసారి వార్డు సమావేశం జరిగేది. వెలగని వీధి దీపాలు, పూడిక తీయని కాలువలు, కుక్కల బెడద, పబ్లిక్ కుళాయిలు: ప్రతి నెలా ఇవే. జనం ఇచ్చిన ప్రతి అర్జీ మీద సాంకేతికమైన అభిప్రాయం నేను రాయాలి. సాధ్యమో కాదో రెండు ముక్కల్లో రాస్తే, సమావేశంలో దాన్ని చదివి వినిపించేవారు. దాని మీద ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. ఇరవై ఆరేళ్ల వయసులో అంతటి అధికారం చేతిలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాకు గర్వంగానే ఉండేది.

పద్మారావు నగర్ వెనక నుంచి బన్సీలాల్‌పేట్ వైపు దిగే రాతి వాలు మీద రెండు వరుసల ఇళ్లుండేవి. కింది వరుసకు కుళాయి ఉంది. పై వరుసకు లేదు. రెంటికీ మధ్య నలభై మూడు మెట్లు. రోజు విడిచి రోజు నీళ్లు వదిలినప్పుడు పై వరుస వాళ్లు బిందెలతో దిగి, బిందెలతో ఎక్కేవారు.

పై వరుసలో చివరి ఇల్లు ఒక రిటైరైన లెక్కల టీచరుగారిది. పేరు రాయను. వీధిలో అందరూ టీచరమ్మ అనేవారు. గుంటూరు వైపు నుంచి వయసులో ఉండగా ఇక్కడి మిషన్ బడిలో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. ఒంటరి మనిషి. సాయంత్రాలు పై మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఉచితంగా లెక్కలు చెప్పేవారు. కుళాయి కోసం అర్జీ రాసింది ఆమే. ఒకే పేజీ, గుండ్రని అక్షరాలు. పదకొండు ఇళ్లు, యాభై ఎనిమిది మంది, అందులో బిందె మోయలేనివారు నలుగురు అని పేర్లతో సహా రాశారు. ఆ నలుగురిలో తన పేరు లేదు. అప్పటికి ఆమెకు అరవై నాలుగేళ్లు.

మా ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. గుట్ట అవతలి నీళ్ల ట్యాంకు అడుగుకంటే కనీసం ఆరు మీటర్లు కింద ఉన్న చోటికే కుళాయి ఇచ్చేవారు. అంతకంటే ఎత్తైతే నీళ్లు సరిగా ఎక్కవని లెక్క. అందుకని నేను అన్నిటికంటే ఎత్తున ఉన్న టీచరమ్మ గడప ఎంత ఎత్తున ఉందో కొలవాలి. కింద కల్వర్టు మీద చెక్కిన గుర్తు దగ్గర మొదలుపెట్టి, దుర్భిణి ఉన్న లెవెల్ యంత్రాన్ని ఏడు చోట్ల నిలబెడుతూ పైకి వెళ్లాలి. అంకెలు గీసిన పొడవాటి కర్రను, అంటే స్టాఫును, మెట్ల మీద యాదగిరి నిలబెడతాడు. నేను దుర్భిణిలో చూసి అంకె రాసుకుంటాను. యాదగిరి నా తండ్రి వయసువాడు, నాకంటే ముందు ఆరుగురు ఇంజనీర్లకు స్టాఫు పట్టినవాడు.

అది శనివారం. సాయంత్రం ఆరుంపావుకు నాకు రైలుంది. పెళ్లయి రెండు నెలలు. భార్య రాజమండ్రిలో పుట్టింట్లో ఉంది.

మెట్లు నిటారుగా ఉంటాయి కనుక స్టాఫు యంత్రానికి మరీ దగ్గరగా వస్తుంది. అంత దగ్గరగా ఉన్నప్పుడు దుర్భిణిలో సెంటీమీటర్ల గీతలు మాత్రమే కనిపిస్తాయి, ఎన్నో మీటరో చెప్పే ఎర్ర అంకె కంటికి అందదు. అప్పుడు స్టాఫును మెల్లగా పైకెత్తమని చెప్పి, ఎర్ర అంకె కనబడ్డాకే రాయాలి. కాలేజీలో మొదటి వారం నేర్పే పాఠం. ఇరవై ఏడో మెట్టు దగ్గర నేను ఎత్తమనలేదు. సున్నా మీటరు అనుకుని రాశాను. నిజానికి అది ఒకటో మీటరు. దాంతో అక్కణ్ణుంచి పైనున్నదంతా నా పుస్తకంలో ఒక మీటరు ఎత్తుకు లేచింది.

ఈ పొరపాటు ఎవరైనా చేస్తారు. ఇంతమాత్రం ఒప్పుకోవడానికైతే ఈ కాగితం రాయనక్కర్లేదు. పొరపాటును పట్టుకోవడానికి మా పనిలో ఒక నియమముంది: పైదాకా వెళ్లాక మళ్లీ కొలుచుకుంటూ మొదలుపెట్టిన గుర్తు దగ్గరికే దిగి రావాలి. వెళ్లిన లెక్క, వచ్చిన లెక్క కలవాలి. కలవకపోతే ఎక్కడో తప్పుంది.

పైన టీచరమ్మ మజ్జిగ ఇచ్చారు. మోసుకొచ్చిన నీళ్లతో కలిపిన మజ్జిగ. తాగి, ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లగానే యంత్రాన్ని పెట్టెలో పెట్టేశాను. యాదగిరి స్టాఫు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.

"వాపస్ గూడ సూసుకుంట పోదామా సారూ?"

"వద్దులే యాదగిరీ, రైలుకు టైమైంది. లెక్క నేను సరిచూసుకుంటాను."

"లెక్కకేముంది సారూ, కాయిదం మీద ఎట్లన్న కలుస్తది." నవ్వాడు. "కొత్త పెండ్లికొడుకులు గద, పోండ్రి పోండ్రి."

స్టేషన్లో ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని, లెవెల్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, దిగి వచ్చిన దారిలో తీయవలసిన పద్నాలుగు రీడింగులు పెన్సిలుతో కల్పించి రాశాను. పావుగంట పట్టింది. చివరి తేడా సున్నా వస్తే అనుమానం వస్తుందని, నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చేలా అంకెలు సర్దాను. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఆ నాలుగు మిల్లీమీటర్లే. బద్ధకంతో కొలవకపోవడం ఒకటి. నిజాయితీ ఎలా కనిపిస్తుందో తెలిసి దాన్ని నకలు చేయడం వేరొకటి.

లెక్క తేలింది: గడప, ట్యాంకు అడుగుకు ఐదు మీటర్ల అరవై సెంటీమీటర్లు కింద ఉంది. ఆరు మీటర్లకు నలభై సెంటీమీటర్లు తక్కువ పడింది. 'నీళ్లు ఎక్కవు. సాంకేతికంగా సాధ్యం కాదు' అని రాశాను.

సమావేశంలో అది చదవగానే పై వరుస ఆటో డ్రైవరు నర్సింగ్ లేచాడు.

"ఏందీ సారూ, కొలిచిన్రా, చాయ్ తాగి పోయిన్రా? కిందికొస్తే కుళాయి నెత్తి మీదికి ఎగజిమ్ముతది, మాకే ఎక్కదా? మా నీళ్లకు సుత మోకాళ్ల నొప్పులా?"

అందరూ నవ్వారు. నేను పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. ఆ పేజీ కూడా నేనే తీసి చూపించాను. అలా చూపించగలిగానన్న సంగతి ఇప్పటికీ గుర్తుంది.

టీచరమ్మ ముందుకొచ్చి, కళ్లజోడు సర్దుకుని, పుస్తకం మీద వేలు పెట్టి కూడికలు తీసివేతలు ఒక్కొక్కటే చూశారు.

"కూర్చో నర్సింగూ," అన్నారు. "ఈ బాబు కింద నుంచి పైకి, పై నుంచి కిందికి రెండుసార్లు కొలిచారు. నాలుగు మిల్లీమీటర్లే తేడా వచ్చింది. అచ్చంగా సున్నా వచ్చుంటే నేనే అడిగేదాన్ని. కష్టపడి కొలిచిన మనిషిని అట్లా అనకూడదు, నాయనా."

నర్సింగ్ కూర్చున్నాడు. పై వరుస తరఫున కోపంగా వచ్చిన వాళ్లందరూ కూర్చున్నారు. నా మాట మీద కాదు, ఆమె మాట మీద.

ఎనిమిది నెలల తర్వాత అదే మెట్ల పక్కన కాలువ కట్టడానికి మళ్లీ కొలిచాను. ఈసారి రైలు లేదు. అదే గుర్తు, అదే గడప. గడప ఎత్తు ఒక మీటరు తక్కువ వచ్చింది. మళ్లీ కొలిచాను. మళ్లీ అంతే. గడప ట్యాంకు అడుగుకు ఆరు మీటర్ల అరవై కింద ఉంది. నీళ్లు ఎక్కుతాయి. మొదటి రోజు నుంచీ ఎక్కేవి. యాదగిరి నా మొహం చూశాడు, స్టాఫు దించాడు.

అప్పుడు ఒక్క వాక్యం రాస్తే చాలు: 'మునుపటి కొలత తప్పు, తిరిగి పరిశీలించవలెను.' రాయలేదు. రాస్తే పాత పుస్తకం తీస్తారు, దిగి వచ్చిన కొలతలతో ఈ తప్పు ఎలా కలిసిందని అడుగుతారు. పొరపాటును క్షమిస్తారు, కల్పనను క్షమించరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో బిడ్డ రాబోతోంది. ఇవి కారణాలా, సాకులా? అప్పుడు కారణాలనుకున్నాను.

పై వరుస నుంచి రెండో అర్జీ వచ్చింది. మా ఆఫీసులో అలాంటప్పుడు ఎవరూ మళ్లీ వెళ్లి చూసేవారు కాదు. గుమాస్తా పాత ఫైలు జతచేసి, 'ఇదివరకే పరిశీలించబడినది' అని రాసి సంతకానికి పంపేవాడు. నిజం తెలిసి సంతకం పెట్టాను. మూడో అర్జీ మీద కూడా పెట్టాను. నా తప్పు ఏ రోజు జరిగిందని మీరడిగితే, మెట్ల మీద శనివారం కాదు, ఆఫీసు బల్ల దగ్గర ఆ రెండు రోజులు అంటాను.

మూడో ఏడు టీచరమ్మ ఇల్లు ఖాళీ చేశారు. మోకాళ్లు ఆగలేదు. బిందె మోయడం మానేసి చెంబులతో తెచ్చుకునేవారట, పిల్లలు తెచ్చిస్తామంటే చదువుకునే వేళ పాడవుతుందని ఒప్పుకునేవారు కాదట. మెట్టుగూడలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. మెట్ల మీద లెక్కల పాఠం ఆగిపోయింది. ఆ ఏడు పై వరుస పిల్లల్లో ఇద్దరు పదో తరగతి లెక్కల్లో తప్పారని నర్సింగే చెప్పాడు. అది నా వల్లేనని నిరూపించలేను. కాదనీ నిరూపించలేను.

ఆ మరుసటేడు గుట్ట మీద ఇంకా ఎత్తైన కొత్త ట్యాంకు కట్టారు. నా అంకెతో పని లేకుండానే పై వరుసకు కుళాయి వచ్చింది. కుళాయి తిప్పే రోజున టీచరమ్మ మెట్టుగూడ నుంచి నర్సింగ్ ఆటోలో వచ్చారు. నలభై మూడు మెట్లూ నెమ్మదిగా, ఆగి ఆగి ఎక్కారు. అప్పటికి ఆ ఇంట్లో వేరెవరో ఉన్నారు. నీళ్లు రాగానే దోసిలి పట్టి తాగి, తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నారు.

"బాగున్నారా బాబూ? పాపాయి ఎట్లా ఉంది?"

"బాగుందండీ."

"ఆనాడు మీరు కుదరదని తేల్చి చెప్పారు చూడండి, అది మంచిదైంది. ఇదిగో అదిగో అని తిప్పేవాళ్లే అందరూ. మీరు అట్లా తిప్పలేదు."

"అమ్మా, ఆ రోజు కొలతలో..." అన్నాను.

"చెప్పండి."

ఆమె ఆగారు. లేచి నిలబడిన పిల్లవాడికి జవాబు నోటిదాకా వచ్చిందని టీచర్లకు తెలిసిపోతుంది, తొందర పెట్టకుండా ఆగుతారు. అలా ఆగారు. చుట్టూ బిందెల చప్పుడు. ఆమె నన్ను చూస్తూనే ఉన్నారు. ఎంతసేపని అడిగితే, అరనిమిషం కంటే ఎక్కువే.

"ఏమీ లేదమ్మా. చాలా ఎండగా ఉండింది ఆ రోజు."

"అవును," అన్నారు. నా చెయ్యి వదల్లేదు. "ఎండలోనే కొలిచారు మీరు."

ఆమెకు తెలుసా? పుస్తకం అంత శ్రద్ధగా చూసిన మనిషి. ఆ రోజు గ్లాసులు లోపల పెట్టి తిరిగొచ్చేసరికి మేము వెళ్లిపోవడం కనిపెట్టిన మనిషి కావచ్చు. తెలిసి ఆగారా, తెలియక ఆగారా? ఈ ప్రశ్నను ఎన్ని వైపుల నుంచి చూసినా జవాబు రాదు. తెలిసి ఉంటే బాగుండునని కొన్ని రోజులు, తెలియకుండా పోయి ఉంటే బాగుండునని కొన్ని రోజులు అనుకుంటాను. ఆమె పోయినప్పుడు మెట్టుగూడలో ప్రార్థనకు వెళ్లాను. ఎవరైనా రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె గొప్ప టీచరని చెప్పి కూర్చున్నాను.

లెవెల్ పుస్తకంలో తప్పు రాస్తే చెరపడానికి వీల్లేదు. పాత అంకె కనబడేలా దాని మీద ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన సంతకం పెట్టాలి. ఆ పుస్తకం ఏ గదిలో చివికిపోయిందో తెలియదు కనుక ఆ పని ఇక్కడ చేస్తున్నాను. ఇరవై ఏడో మెట్టు: రాసినది 0.845. సరైనది 1.845. దిగి వచ్చిన దారిలోని పద్నాలుగు రీడింగులూ నేను తీయలేదు.

రాశాక, ఈ పూట ఊపిరి కొంచెం లోతుగా ఆడుతోంది. అంతకు మించి ఏమీ కోరను. పక్కన సంతకం పెట్టాలి. ఆ చోటు ఖాళీగానే వదులుతున్నాను, అంత ధైర్యం ఇంకా రాలేదు.