బాపు గురించి పది వాక్యాలు

మొన్న ఆదివారం మా చిన్నమ్మాయి హోంవర్కు చేసుకుంటుంటే, కన్నతండ్రినన్న అధికారంతో దాని భుజం మీదుగా తొంగిచూశాను. అంశం 'మా నాన్న'. పక్కన గైడు తెరిచి ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి దిగిపోతోంది: 'మా నాన్నగారు చాలా మంచివారు. వేకువనే లేచి వ్యాయామము చేయుదురు. మితముగా భుజించెదరు.' నేను నా పొట్ట వంక చూసుకున్నాను. మా వీధి మలుపులో ముందు ఈ పొట్ట వస్తుందనీ, వెనక నేను రావడానికి ఒక చాయ తాగేంత సమయం పడుతుందనీ ప్రతీతి. "ఏమే, నేనెప్పుడు వ్యాయామం చేసిన?" అని అడిగాను. అది తల కూడా ఎత్తకుండా, "నువ్వు గాదు డాడీ, గైడుల నాన్న" అంది. ఆ గైడులో నాన్న మీద నాకు పట్టరాని అసూయ కలిగింది. ఆ వెంటనే బోధన్ బడిలో మా ఆరో తరగతి గది, ఆ గదిలో గోడ పటం, దాని కింద నిలబడ్డ అండి సారు ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చేశారు.

రాష్ట్రం కలిసిన కొత్తలో కృష్ణా ఒడ్డు నుంచి మాకు తెలుగు చెప్పడానికి వచ్చారాయన. వెంట తెచ్చిన ట్రంకుపెట్టె నిండా కథల పుస్తకాలేనట. ఆ బరువుకు రైలు జానకంపేట దగ్గర ఒక పక్కకు ఒరిగిందని ఊళ్ళో చెప్పుకునేవారు. చెప్పింది నేనే అనుకోండి, కాని చెప్పుకున్నది మాత్రం ఊరే. ఆయన ప్రతివారినీ 'అండి' అనేవారు. బడిలోకి దూరిన మేకను కూడా "బయటికి నడవండి" అన్నారు. మొదటిరోజు "కూర్చోండి" అంటే మేమంతా దిగ్గున లేచి నిలబడ్డాం. అంతటి మర్యాద అంతకుముందు ఎరగం కనుక, మా వెనకాల ఇన్‌స్పెక్టరు వచ్చాడేమో అనుకున్నాం. అట్లా ఆయన అండి సారయ్యారు. ఆయన తెలుగు మాకు సగం, మా తెలుగు ఆయనకు పావు అర్థమయ్యేది. మిగిలినదంతా చేతులతోనూ కనుబొమలతోనూ నడిచేది.

శనివారం ఆఖరి గంట కథ. చెరుకు ఆడే కాలంలో ఫ్యాక్టరీ పొగ, ఊరంతా కమ్ముకునే మడ్డి వాసన, రోడ్డు వెంట చెరుకు బండ్ల బారు. ఆ బారుకు మొదలు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంటే, చివర మహారాష్ట్రలో ఉంటుందని నా అంచనా. సారు కిటికీలోంచి ఆ బండ్లనే చూస్తూ కథ మొదలుపెట్టేవారు. సరిగ్గా మా నోళ్ళు తెరుచుకున్న చోట ఆపేసేవారు. "ఇప్పుడు మీరు పరకాయ ప్రవేశం చేయాలండీ" అన్నారు మొదటిసారి. నా పక్కన కూర్చునే దోస్తు, గిన్నెలకు కళాయి పెట్టేవాళ్ళ అబ్బాయి, లేచి చేతులు కట్టుకొని, "సార్, బీరకాయ ఎర్కే, కాకరకాయ ఎర్కే. గీ పరకాయ మా అంగట్ల దొరకదు" అన్నాడు. సారు కళ్ళద్దాలు జారేలా నవ్వారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు: పర అంటే ఇంకొకరు, కాయం అంటే ఒళ్ళు. ఇంకొకరి ఒంట్లోకి దూరి, వాళ్ళ కళ్ళతో చూసి, వాళ్ళ నోటితో రాయడం. ఆనాటి కథలో రెండు రోజులుగా బారులో నిలబడ్డ బండెద్దు ఉంది. దాని ఒంట్లోకి దూరి రాయమన్నారు. నేను నాలుగు పేజీలు రాశాను. నా ఎద్దు ముందు కాళ్ళు పైకెత్తి, పశువుల హక్కుల మీద ఉపన్యాసం ఇచ్చి, గేటు విరగ్గొట్టి, లోపలికి పోయి చక్కెర తిన్నది. మొదటి బెంచీలో కూర్చునే అక్క ఒక్క వాక్యం రాసింది. 'నా మెడ నొస్తున్నది, ఎవ్వలు అడుగలే.' సారు నా నాలుగు పేజీలు చదివి "బాగుందండీ" అన్నారు. ఆ ఒక్క వాక్యం చదివి, లేచి కిటికీ దగ్గరకు పోయి బండెద్దులను చూశారు. దాంతో నాకు అక్క మీద కడుపుమంట మొదలైంది.

అక్క నాకేమీ కాదు, తరగతి మొత్తానికి అక్క. మాకంటే రెండేళ్ళు పెద్ద, మూరెడు పొడుగు. బడికి ఆలస్యంగా వేశారు. వాళ్ళమ్మ బీడీలు చుట్టేది. అక్క పొద్దున్నే ఆకు కత్తిరించి, వేళ్ళకు తునికాకు వాసనతో బడికి వచ్చేది.

ఇక అసలు సంగతి. జనవరి నెలాఖరు. గోడ మీద పటంలో బోసినవ్వు తాత ఉన్నాడే, చేతికర్ర పట్టుకొని, ఒంటి మీద అంగీ లేకుండా. జాతిపిత. ఆయన వర్ధంతి దగ్గరపడింది. సారు బడి విడిచే గంట మోగుతుండగా హడావుడిగా అన్నారు: "రేపు అందరూ బాపు గురించి పది వాక్యాలు రాసుకురండి." అంతే అన్నారు. కృష్ణా ఒడ్డున బాపు అంటే ఒక్కడే. మా దిక్కు ఇంటికొక బాపు ఉంటాడని, కన్నతండ్రిని మేము పిలిచే పిలుపే అదని ఆయనకు ఎవరు చెప్పాలి? మేమంతా ఇంటికి పోయి మా మా బాపుల గురించి రాసేశాం. కళాయి దోస్తు మాత్రం నన్ను పట్టుకొని, "అరే, మా ఇంట్ల అబ్బా ఉన్నడు, బాపు లేడు, ఎట్ల?" అని దిగులుపడ్డాడు. "మీ అబ్బానే బాపురా, రాయి" అని ధైర్యం చెప్పాను.

మర్నాడు సారు మొదటి పుస్తకం తెరిచి గంభీరంగా పైకి చదవడం మొదలుపెట్టారు. "'మా బాపు పొద్దుగాల లేసి బీడీ ముట్టిస్తడు.'" ఆయన ఆగి, పటం వంక చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూశారు. రెండోది తీశారు. "'మా బాపు కల్లు తాగి వచ్చి అవ్వతోని లొల్లి వెట్టుకుంటడు.' జాతిపిత కల్లు తాగడమేమిటండీ!" మూడోది నాది. మా బాపు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన తుమ్మితే ఫ్యాక్టరీ సైరను, అదే భోంగా, మోగుతుందని, ఒక్క చేత్తో బాయిలరు ఎత్తి, రెండో చేత్తో దాని కింద ఊడుస్తాడని రాశాను. సారు కుర్చీలో కూలబడ్డారు. మా బాపుల గుట్టంతా అట్లా బల్ల మీద కుప్పపడి ఉంది. ఆ కుప్ప అడుగున ఒక్క పుస్తకం దొరికింది. అది చదువుతుంటే సారు మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. 'బాపుకు పండ్లు లెవ్వు. మీద అంగీ లేదు, సలి పెడ్తది. బాపు గోడ మీదికెల్లి అందరి దిక్కు సూస్తడు. నా దిక్కు గూడ సూస్తడు.' "శభాష్! ఇంతమందిలో ఒక్కరికి అర్థమైందండీ!" అన్నారు సారు.

అది అక్క పుస్తకం. నా కడుపుమంట నెత్తికెక్కింది. "అరే, అక్క వాళ్ళ బాపు గోడ మీద ఉన్నడంటరో! బోసినోటి బాపు!" అని అరిచాను. గది పైకప్పు లేచిపోయింది. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు, అంత నవ్వారు. అక్క లేచి నిలబడింది. "నాకు బాపు లేడు, సార్. ఇంట్ల లేడని బడిల ఉన్నోని గురించి రాసిన" అంది. అని, సంచి భుజాన వేసుకొని బయటికి నడిచింది. సారు తాను శభాష్ అన్న ఆ పుస్తకాన్నే మళ్ళీ తెరిచి చూశారు. ఆమె జాతిపిత గురించి అడిగారనుకొని రాయలేదని, మా అందరిలాగే కన్నతండ్రి గురించే అనుకొని, జవాబు ఇంట్లో దొరక్క గోడను అడిగిందని ఆయనకు అప్పుడు తెలిసింది.

మర్నాడు అక్క రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాళ్ళమ్మ పూర్తిగా మానిపించి ఆకు కత్తిరించడానికి కూర్చోబెట్టిందని తెలిసింది. సారు నన్ను పిలిచారు. కొడతారేమో అనుకున్నాను, కొడితే బాగుండేది. "మీరు ఆ అమ్మాయి ఒంట్లోకి దూరి, వాళ్ళ నాన్న గురించి పది వాక్యాలు రాయండి. రాసి తనకే చూపించండి. తను సరే అనేదాకా ఈ గదిలో మీకు బెంచీ లేదు" అన్నారు. నేను గుమ్మం పక్కన నిలబడి రాశాను. పది వాక్యాలు, పదిహేను ఆశ్చర్యార్థకాలు.

వాళ్ళది ఒంటి గది ఇల్లు. తల్లి ఒడిలో చాట పెట్టుకొని, తల ఎత్తకుండా చుడుతోంది. అక్క తడి ఆకు మీద రేకు ముక్క కొలతగా పెట్టి కత్తిరిస్తోంది. నన్ను చూసి, "ఇంక నవ్వుడు మిగిలిందారా?" అంది. నేను కాగితం తీసి చదివాను. "'అయ్యో బాపూ! నీవు మరణించిన నాడు ఆకాశము బద్దలైనది! ఫ్యాక్టరీ ఆగిపోయినది! నేను మూడు దినములు అన్నము ముట్టక నీ పాదములపై పడి మూర్ఛిల్లితిని!'"

"నాకప్పుడు ఎన్నేండ్లురా?" అంది అక్క.

"ఎన్ని?"

"గదే. అడుగకుంటనే రాసినవ్. నీ నోరు కల్లుకుండ లెక్క, ఊకె పొంగుతనే ఉంటది." నా చేతిలోని పెన్సిలు లాక్కొని ఒక్కొక్క వాక్యం కొట్టేసింది. చివరికి ఒక్కటే మిగిలింది. 'మా బాపు పేరు' అని మొదలయ్యే వాక్యం. పేరున్న చోట నేను ఖాళీ వదిలాను, నాకు తెలియదు కనుక.

మర్నాడు మళ్ళీ పోయాను. ఈసారి కాగితం తెల్లగా ఉంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకొని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానంటే, ఈలోగా తల్లి బీడీలు పది కట్టలు కట్టింది. సరే, రెండు కట్టలు. చివరికి అడిగాను, "అక్క, మీ బాపు ఎట్లుండె?" అక్క కత్తెర ఆపింది. "యాదికి లేదురా" అంది.

"దానికేం యాదికుంటది, రెండేండ్ల పోరి" అంది వాళ్ళమ్మ, చాటలోకే చూస్తూ. అంతవరకు ఆమె గొంతే వినలేదు నేను. "చెరుకు బండి తోలేటోడు. సంగతి ఏం లేదు, మూడొద్దులు జరమొచ్చింది, పోయిండు. జరం రాకముందు దినం దీనికి బెల్లం గడ్డ తెచ్చిండు. పీనుగను బైట వేసి అందరు మొత్తుకుంటుంటే, ఇది ఒక్కతి గడప మీద కూసొని గా బెల్లం చీకుతుండె. నేను దిక్కు దిక్కున ఏడ్సుకుంట, దీని మూతి జూసిన. తియ్యగ నవ్వుతుండె. నాకప్పుడు నవ్వాల్నా ఏడ్వాల్నా సమజ్ గాలే."

అక్క తల్లి దిక్కు చూసింది. "ఎన్నడు జెప్పలేదేందే, అవ్వ?"

"ఎన్నడు అడిగినవే, బిడ్డా?"

నా చేతిలో కాగితం ఉంది, పెన్సిలుంది. బాయిలర్లు ఎత్తించిన పెన్సిలు, ఎద్దుతో ఉపన్యాసం చెప్పించిన పెన్సిలు. ఆ బెల్లం గడ్డను వీసెడు చేద్దామంటే ఒక్క గురిగింజెత్తు పెరగలేదు. నేను కాగితం అక్క ముందుకు జరిపాను. అక్క చేతులు కొంగుకు తుడుచుకొని, తనే రాసుకుంది. రాస్తూ ఉంటే కాగితానికి ఆకు తడి అంటుకుంది. పూర్తయ్యాక వాళ్ళమ్మ, "సదువు, ఇంటా" అంది. అక్క చదివింది. ఆమె చుట్టడం ఆపి విన్నది. చాట పక్కన పెట్టి, "రేపు బడికి పో. ఆకు పొద్దూకినంక కత్తిరిద్దాం. నీ లోపట ఇంక ఏమేమున్నదో, రాసి నాకు వినిపియ్యి" అంది.

మర్నాడు అక్క లేచి నిలబడి చదివింది. అందులో చివరి మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'మా బాపు నాకు ఎర్క లేడు. కని బెల్లం తింటుంటే ఎవ్వలో నా దిక్కు సూస్తున్నట్టు అనిపిస్తది.' సారు ఎర్ర పెన్సిలు చేతిలోనే ఉంది. 'ఎర్క లేడు'ను 'తెలియడు'గా మార్చలేదు, 'సూస్తున్నట్టు'ను దిద్దలేదు. పటం వైపు తిరిగి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత గుమ్మం పక్కన నిలబడ్డ నాతో, "ఇక కూర్చోండి" అన్నారు. ఆ ఏడాదంతా ఎవరమూ ఎవరి బాపు గురించీ నవ్వలేదు. కల్లు తాగే ఆ బాపు గురించి కూడా.

అక్క ఏడో తరగతి దాకా వచ్చింది. తర్వాత పెళ్ళి చేశారు. ఆకాశం బద్దలు కాలేదు. డెబ్బైలలో ఎప్పుడో నిజామాబాద్ బస్టాండులో ధర్పల్లి బస్సు కోసం నిలబడి కనిపించింది. బీడీలు చుడుతోందట. చుట్టుపక్కల ఆడవాళ్ళకు, దుబాయి పోయిన మగవాళ్ళ పేర ఉత్తరాలు కూడా రాసిపెడుతోందట. "నీ లెక్క పెంచి రాయనురా. ముందుగాల అడుగుత, అటెన్క రాస్త. కొందరైతే మాట చెప్పక ఏడుస్తరు. గప్పుడు ఊకె కూసుంట" అని నవ్వింది. బస్సు వచ్చింది. ఎక్కుతూ, "లావైనవ్ రో!" అని కిటికీలోంచి అరిచింది.

మొన్నటి ఆదివారం నేను మా అమ్మాయి గైడు మూసి, ఎదురుగా కూర్చున్నాను. "అడుగు, చెప్తా" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "నిజం చెప్తవా మరి?" అంది. "రాయి: మా డాడీ వ్యాయామం చెయ్యడు" అని మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో కాలం నా దగ్గర ప్రతిదాన్నీ పెంచింది, సారు ట్రంకుపెట్టెను, చెరుకు బండ్ల బారును, మా బాపు ఎత్తిన బాయిలరును, చివరికి నా పొట్టను కూడా. ఆ గడప మీది బెల్లం గడ్డ ఒక్కటే, ఆనాడు పసిపిల్ల పిడికిట్లో ఎంత ఉండెనో, ఈనాటికీ అంతే ఉంది.