నూనె కారుతూ మండపేట దాకా

మండపేట మెకానిక్ మా ఊరు రావడానికి పదిహేను వందలు అడిగాడు. నేను ఇవ్వనన్నాను. కిరాణా కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, మనిషి నడిచొచ్చినందుకు డబ్బిస్తానా? గేర్‌బాక్సు ఆయిలు కారుతున్న ముసలి ట్రాక్టర్ని నేనే మండపేట తోలుకెళ్ళాను. ఇంత గొప్ప నిర్ణయం మా వంశంలో ఇంతకు ముందు ఎవరూ తీసుకోలేదు.

తొందర ఎందుకంటే, దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, కాలవ నీళ్ళు వంతుల మీద వదులుతున్నారు. మా వంతు శుక్రవారం సాయంత్రంతో సరి. ఆలోగా వీర్రాజు గారి మూడెకరాలు నాట్లకు బురదగా దున్ని దమ్ము చేస్తానని మాటిచ్చాను. ఆయన నారు ఇప్పటికే ముదురుతోంది. ఊళ్ళో మిగతా బళ్ళన్నీ వేరేవాళ్ళకు ఒప్పుకున్నాయి. అందుకని గురువారం తెల్లవారుతూనే ఆయన ఆయిలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నారు.

"మీరెందుకండీ?" అన్నాను.

"బండి మళ్ళీ మా మడిలో దిగేదాకా మిమ్మల్ని వదలనండి."

ఆరింటికి బయల్దేరాం. రామచంద్రపురంలో టీ, రెండేసి ఇడ్లీ. అక్కడినుంచి కాస్త దూరం పోవడం, ఆగడం, ఆయిలు పోయడం. మోటారు సైకిలు మీద వెళ్ళే ప్రతివాడూ "బాబాయ్, ఆయిలు కారిపోతోంది!" అని కేకేసేవాడు. మొదట్లో వీర్రాజు గారు "చూశాం బాబూ" అనేవారు. తరవాత తరవాత "రోడ్డుకి కళ్ళాపి చల్లుతున్నాం" అనడం మొదలుపెట్టారు.

ధాన్యం లారీల మధ్య దారి చేసుకుని తొమ్మిదింటికి మండపేట చేరేసరికి నాలుగు లీటర్లు అయిపోయాయి. షెడ్డులో మెకానిక్ సత్తిబాబు నిలబడ్డచోటి నుంచే తేల్చేశాడు.

"ఇంజను వెనక సీలండి. చూడక్కర్లేదు, నేను వాసనతో చెప్పేస్తాను."

"ఇంజను ఆయిలు నల్లగా ఉండాలి కదా? ఇది తేనెలా ఉంది. చూసి చెప్పు," అన్నాను. నూనె మంచిచెడ్డలు మాకు ఒకరు నేర్పాలా?

వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, "గేరాయిలేనండి," అని ఒప్పుకున్నాడు. అయితే ఎక్కడినుంచి? ఇలా కారే బండితో వచ్చేవాళ్ళు ఇక్కడ తొందరపడొద్దు. అడుగంతా డీజిలుతో కడిగించి, ఆరాక అతుకుల మీద ముగ్గుపిండి చల్లించాను. ఇంజను కాసేపు తిప్పి చూస్తే పక్క అతుకుల మీది పిండి పొడిగానే ఉంది. క్లచ్చు కింద ఉన్న చిన్న కన్నం దగ్గర మాత్రం తడిసి ముద్దయింది. అంటే గేర్‌బాక్సుకీ క్లచ్చుకీ మధ్య ఆయిల్ని ఆపే రబ్బరు సీలు పోయింది. అది మార్చాలంటే బండిని నడుముకి విడదీయాలి.

ఆయిలు ఎంతుందో చూద్దామని సత్తిబాబు పైమూత వదులు చేశాడు. లోపలినుంచి 'ఉస్సు'మని గాలి తన్నుకొచ్చింది. అతను గబగబా పైన వెతికి, గేర్‌బాక్సుకి గాలి ఆడే బ్రీదర్ గొట్టం పట్టుకున్నాడు. దానికి పాలిథిన్ కవరు తొడిగి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి ఉంది.

"ఇదెవరు కట్టారండీ?"

"నేనే. వానాకాలం సార్వా దమ్ములో బురద నీళ్ళు పోకుండా." మా కొట్లో నూనె డబ్బాల మూతులకు చీమలు పట్టకుండా అలాగే కడతాం.

"నూనె డబ్బా కుదురుగా కూర్చుంటుందండి. ఇది తిరుగుద్ది, వేడెక్కుద్ది. ముక్కు మూసేస్తే గాలి ఎటు పోద్ది? సీలుని తన్నుకుని పోద్ది."

వీర్రాజు గారు కవరు విప్పి లోపలికి తొంగి చూశారు. "చీమలైతే పట్టలేదు లెండి," అన్నారు.

గాలి వదిలాక కారడం తగ్గింది. ఆగలేదు. ఇలాగే తోలుకుపోతే ఏమవుతుందని నేను అడగకముందే వీర్రాజు గారు నా మొహం చదివేశారు. "క్లచ్చు ఆయిల్లో నాని, మడి మధ్యలో బండి కూర్చుంటే నన్ను లాగమంటారా?" దాంతో తేలిపోయింది. విడదీయమన్నాను.

మధ్యాహ్నానికి పాత సీలు చేతికొచ్చింది. అంచు గట్టిపడి, మెలితిరిగి ఉంది. ఆ సైజు మండపేటలో లేదు. వీర్రాజు గారిని షెడ్డుకి కాపలా పెట్టి, ఒంటిగంట బస్సులో ద్వారపూడి మీదుగా రాజమండ్రి బయల్దేరాను. టికెట్టు నలభై అయిదు. పక్క సీట్లో పూలమొక్కల సంచీతో ఉన్నావిడ నా టికెట్టు కేసి జాలిగా చూసింది.

"మా ఆడవాళ్ళకి ఫ్రీ అండి."

"తెలుసమ్మా. బేరమాడకుండా నేను డబ్బిచ్చేది ఈ బస్సులోనే."

రాజమండ్రిలో స్పేర్ల కొట్టాయన సీలు కొలిచి, కొత్తది తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగొందల యాభై. నేను మూడొందలన్నాను.

"ఏ కొట్టండీ మీది?" అన్నాడు.

"కిరాణా. ఎలా తెలిసింది?"

"కొనేవాళ్ళు సీలు కేసి చూస్తారు. మీరు నా మొహం కేసి చూస్తున్నారు. నూట ఎనభైది కూడా ఉందండి. అలాంటి సరుకు మీ కొట్లో మీరెవరికి అమ్ముతారో, నేనూ వాళ్ళకే అమ్ముతాను."

నూట ఎనభైది వద్దన్నాను. అరగంట పట్టి నాలుగొందల ఇరవైకి తెచ్చాను. ఆ అరగంటలో మండపేట బస్సు వెళ్ళిపోయింది. బస్సు కాంప్లెక్సు ఎదుట నూట ఇరవై పెట్టి భోంచేస్తుంటే వీర్రాజు గారు ఫోన్ చేశారు.

"దొరికిందాండీ?"

"దొరికింది."

"అయితే బేరం ఆపి రండి."

అయిదున్నరకు షెడ్డులో ఉన్నాను. సత్తిబాబు క్లచ్చు ప్లేటు పెట్రోలుతో కడిగి ఉంచాడు. సీలు కొట్టి, బండి కలిపి, ఆయిలు పోసి, బ్రీదరుకు కొత్త టోపీ పెట్టేసరికి ఎనిమిది. కింద అట్టముక్క పరిచి ఇంజను తిప్పాం. ముగ్గురం వంగి చూశాం. చుక్క లేదు.

తిరుగు దారిలో రెండుసార్లు ఆగి, సెల్లు లైటుతో అడుగు తడిమాను. పొడిగా ఉంది. వీర్రాజు గారు మడ్‌గార్డు మీద కునికిపాట్లు పడుతూనే, ఆగినప్పుడల్లా "కారుతోందా?" అని అడిగారు. శుక్రవారం పొద్దున్నే ఇనప చక్రాలు తగిలించి మడిలో దిగాం. కాలవ తగ్గడం మొదలయ్యేసరికి ఆఖరి మూల కూడా బురదయింది.

ఇక బిల్లు. కూలి నాలుగు వేల అయిదొందలు. కొత్త ఆయిలు నాలుగు వేల ఎనిమిది వందలు, దారిలో పోసింది తొమ్మిది వందలు. సీలు నాలుగొందల ఇరవై. గ్యాస్కెట్టు, పెట్రోలు, టోపీ కలిపి నాలుగొందల ఎనభై. రోడ్డు డీజిలు ఎనిమిది వందలు. బస్సులకు తొంభై, భోజనానికి నూట ఇరవై. వెరసి పన్నెండు వేల నూట పది. వీర్రాజు గారి దమ్ము కూలి అయిదు వేల నాలుగొందలు అందింది. అది పోను నా జేబులోంచి పోయింది ఆరు వేల ఏడొందల పది. రామచంద్రపురంలో టీ, ఇడ్లీ డబ్బులు వీర్రాజు గారిచ్చారు. ఎంతో నేను అడగలేదు. అవీ నేను పెట్టాల్సినవే, అరవై అనుకుని రాసుకుంటే ఆరు వేల ఏడొందల డెబ్భై.