దండ వెయ్యొద్దన్న బొమ్మ

మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే పెద్దమ్మ పోయిన శనివారం కన్నుమూసింది. నాకు చుట్టమేమీ కాదు. ఆంటీ అని పిలిస్తే పలికేది కాదు, పెద్దమ్మా అనాల్సిందే. డాలస్ పక్కనున్న ఈ ఇర్వింగ్‌లో ఆమెను ఎరిగినవాళ్ళు కొద్దిమందే. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను డాలస్‌లో ఒక మ్యూజియంలో గార్డుని. నేను నిలబడే గదిలో పద్దెనిమిదో శతాబ్దపు దొరసాని ఆయిల్ పెయింటింగ్ ఒకటుంది. నీలం పట్టు గౌను, మోచేతుల దగ్గర లేసు, ఎదుటివాళ్ళను పనివాళ్ళలా చూసే కళ్ళు. చూస్తేనే నాకు మంట. ఆ గౌను ఉతికినవాళ్ళ బొమ్మ ఏ గోడ మీద ఉంది?

కూతురు ఆఫీస్‌కి వెళ్తే పెద్దమ్మకు పొద్దుపోయేది కాదు. ఒకరోజు నా కార్లో మ్యూజియంకి వచ్చింది. దొరసాని ముందు బెంచీ మీద కూర్చుని, నా తిట్లన్నీ ఓపిగ్గా విన్నది.

"ఎంత బాగుందిరా ఆవిడ! ఉతికినవాళ్ళ బొమ్మ లేకపోతే నువ్వు వెయ్యి. నేనూ ఉతికినదాన్నేగా" అంది.

బొమ్మలు వెయ్యడం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయినా ఆదివారాలు పెద్దమ్మ వాళ్ళ వంటింట్లో నేత చీర కట్టుకుని, అచ్చం దొరసానిలా మెడ నిక్కించి కూర్చునేది. వేసినవి వేసినట్టు చింపేవాణ్ణి.

"నా మొహంలో నీ కోపం వేశావురా. నా మొహం నాకు వెయ్యి" అనేది. కోపం తగ్గించుకోమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

చివరికి కుదిరింది. గోడకు పెడదామంటే కూతురు ఒప్పుకోలేదు. మన ఇళ్ళల్లో ఒక్కరి బొమ్మే ఫ్రేము కట్టి గోడకెక్కిందంటే ఆ మనిషి లేనట్టే కదా. పైగా అప్పటికే హాస్పిటల్ చుట్టూ తిరుగుతున్నారు.

"మరి నా బొమ్మ నేను చూసుకోవద్దా? ఆ దొరసాని పోయి రెండొందల ఏళ్ళు దాటింది. ఎవరన్నా దండ వేశారా? అందుకే ఇంకా అందరినీ అదిలిస్తా ఉంది. నాకూ వెయ్యమాకండి" అంది పెద్దమ్మ.

కూతురు ఏడుస్తూనే మేకు కొట్టింది. ఆ తర్వాత పెద్దమ్మ రోజూ టీ తెచ్చుకుని ఆ బొమ్మ ఎదురుగానే తాగేది.

అంత్యక్రియలయ్యాక ఎవరో బంతిపూల దండ తెచ్చారు. కూతురు అందుకుని కుర్చీ ఎక్కింది. చేతులు పైకెత్తి, ఆగిపోయింది. దిగి, దండను టీ బల్ల మీద పెట్టింది.

గోడ మీద పెద్దమ్మ మెడ నిక్కించి మా అందరినీ చూస్తోంది, మీకు పనేం లేదా అన్నట్టు.